లోపలున్నదంతా నేనే

ఏప్రిల్ 2, 1974, మంగళవారం

నాకేం బాధ లేదు. ఆ మాట ముందే రాసి పెడుతున్నాను. ఎప్పుడైనా ఈ పేజీ తిరగేస్తే ఏడ్చాననుకుంటానేమోనని.

జరిగింది ఇది. మే డే ముందురోజు సాయంత్రం మా ఇనుప ఫౌండ్రీ గాయక బృందం కచేరీ. బృందం పెట్టి ఇరవై అయిదేళ్ళయిందని ఈసారి జాగ్రెబ్ నుంచి టీవీ వాళ్ళొస్తున్నారట. టీవీ అనగానే జ్వోంకో మాస్టారికి పూనకం వచ్చేసింది. పాట సంగతి తర్వాత, ముందు ఆడవాళ్ళందరికీ ముదురు ఎరుపు గౌన్లు, పాదాల దాకా! ఇవాళ రిహార్సల్‌కి మూడు అట్టపెట్టెల్లో దిగాయి. చిన్న సైజు, మధ్య సైజు, పెద్ద సైజు. ఆ పెద్ద సైజు నా మోచేతుల దాకా ఎక్కి, ఇక నావల్ల కాదు తల్లీ అని అక్కడే ఆగిపోయింది. లాగితే కుట్టు పటపటమంది. అందరూ గోడ మీద గడియారం వైపు చూశారు, పాపం, మర్యాదస్తులు.

"పర్వాలేదులే బారిత్సా," అన్నారు మాస్టారు. "నల్లది ఏదో ఒకటి వేసుకుని వెనక వరసలో తెర పక్కన నిలబడు. కనపడకపోతేనేం, వినపడుతున్నావుగా!"

పద్నాలుగేళ్ళుగా ఇదే మాట. సోలో నాది, గొంతు నాది, నిలబడేది మాత్రం నెవెంకా వెనకాల. మా బృందంలో ఎవర్నైనా సరే మెడ వెనక భాగం చూసి పేరు చెప్పేస్తాను. నెవెంకాకి కుడి చెవి కింద పుట్టుమచ్చ, దాని మీద ఒకే ఒక్క వెంట్రుక. ఆ వెంట్రుక సంగతి దానికీ తెలియదు.

మాస్టారు తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఇదే రంగులో నీ సైజుది ఎక్కడైనా దొరికితే తెచ్చుకో, అప్పుడు ముందు వరస సంగతి చూద్దాం," అన్నారు. దొరకదన్న ధైర్యంతోనే అన్నారు. మా ఊళ్ళో కొట్లన్నీ నలభై ఎనిమిది దగ్గర ఆగిపోతాయి. నాది యాభై ఆరు.

నేల మీద ఎర్ర గుడ్డ ముక్క ఒకటి పడుంది, రెండు వేళ్ళ వెడల్పు. తీసుకున్నాను. ఊరికే. ఈ పేజీకి పిన్నుతో గుచ్చి ఉంచాను.

ఏప్రిల్ 3

నేను పనిచేసే కాంటీన్లో ఇవాళ ఉల్లిపాయలు మహా ఘాటు, కళ్ళెర్రబడ్డాయేమన్న అమ్మకీ అదే చెప్పాను.

ఏప్రిల్ 5

అమ్మతో పెద్ద చిక్కు. రెండ్రోజులు ఆలోచించి మరీ అడిగింది. "బుధవారం మీ కాంటీన్లో ప్లమ్ పళ్ళు పెట్టిన కుడుములు కదే. వాటిల్లో ఉల్లిపాయలెక్కడివి?"

ఇక దాచలేక గౌను సంగతి చెప్పాను. "ఇంతేనా! తోంకా దగ్గర కుట్టించుకో," అంది.

తోంకా దగ్గరికి ఛస్తే వెళ్ళను. మా చుట్టాలమ్మాయి పెళ్ళికని గౌను కుట్టించుకోవడానికి ఒకసారి వెళ్ళాను కదా. టేపు చాలలేదని ఇంకో టేపు ముడేసింది. సరే, ముడేస్తే ముడేసింది. కొలత నోట్లో అనుకుని రాసుకోవచ్చుగా! బయట బెంచీ మీద కూర్చున్న నలుగురికీ వినపడేలా అరిచి చెప్పింది. మర్నాడు కూరగాయలమ్మే ఆవిడ నాకు క్యాబేజీ తూస్తూ, "నడుము కొలత అంతేనా తల్లీ, చూస్తే ఇంకా ఎక్కువనుకున్నాను," అంది, మెచ్చుకుంటున్నట్టు. పైగా తోంకా కుట్టిన ఆ గౌనుకి గుడ్డ చాలక రెండు పక్కలా వేరే రంగు పట్టీలు. నన్ను అటువైపు నుంచి చూస్తే ఎవరో ఇద్దరు వస్తున్నట్టుండేది.

నల్లది వేసుకుంటే ఏం పోయింది. వెనక గాలి బాగా ఆడుతుంది కూడా.

ఏప్రిల్ 8

నెవెంకా మా ఫ్యాక్టరీ టెలిఫోన్ ఎక్స్చేంజీలో పనిచేస్తుంది. దాని చెవిన పడ్డ మాట సూది మొనంత ఉంటే సాయంత్రానికి గుండిగంత అవుతుంది. ఇవాళ కాంటీన్ కిటికీలోంచి తల దూర్చి, "ఏమే, ఇరవయ్యో తారీకు శనివారం యూనియన్ బస్సు సరిహద్దు దాటి త్రియెస్తే పోతోంది. నీ పేరు రాయించేశాను," అంది.

"నన్నడక్కుండా ఎలా రాయిస్తావే?"

"అడిగితే రానంటావు. ఇటలీ వాళ్ళు మనలాగా నలభై ఎనిమిదికి తాళం వేసి కూర్చోరే. అక్కడ అన్ని సైజులూ ఉంటాయి."

నేను వెళ్ళేది బూట్ల కోసం మాత్రమే. ఎనిమిది గంటలు సిమెంటు గచ్చు మీద నిలబడే పని, సాయంత్రానికి పాదాలు పొంగిన రొట్టెల్లా తయారవుతాయి. ఆడవాళ్ళ బూట్లలో నా వెడల్పుకి దొరకవు కాబట్టి చనిపోయిన నాన్న చెప్పులతో లాగిస్తున్నాను. మెత్తటి బూట్లు ఒక జత దొరికితే చాలు. గౌన్లూ గీన్లూ నాకక్కర్లేదు.

గుడ్డ ముక్క రంగు పోకుండా పేజీ మధ్యలో కాగితం పెట్టాను.

ఏప్రిల్ 14

ఈస్టర్. హాము, గుడ్లు, ఎర్ర ముల్లంగి. అమ్మ నా పళ్ళెంలో మూడో ముక్క వడ్డిస్తూ, "త్రియెస్తే వెళ్ళే లోపల కాస్త తగ్గొచ్చు కదే," అంది. వడ్డించిన చెయ్యీ, ఆ మాటన్న నోరూ ఒకళ్ళవే.

ఏప్రిల్ 19

రేపే. రొట్టెపొడి అద్దిన మాంసం ముక్కలు వేయించి పొట్లం కట్టాను. త్రియెస్తే బస్సెక్కేవాళ్ళు ఉన్నవాటిల్లోకెల్లా చింకివి వేసుకుని వెళ్ళడం ఆనవాయితీ. అక్కడ పాతవి చెత్తకుండీలో పారేసి, కొత్తవి ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, ఇవన్నీ ఇంటి దగ్గర్నుంచి వేసుకొచ్చినవే అన్నట్టు మొహం పెట్టుకుని, సుంకం పడకుండా సరిహద్దు దాటాలి. పోయినేడు నెవెంకా నాలుగు జీన్ ప్యాంట్లతో వచ్చి మోకాళ్ళు వంగక, మూడు గంటలు బస్సులో నిలబడే ప్రయాణం చేసింది.

నేను కాంటీన్ గౌనూ నాన్న చెప్పులూ వేసుకెళ్తున్నాను. అమ్మ కాఫీ గింజలకి డబ్బిచ్చి, "కాఫీ మర్చిపోయావో, ఇంటికి రాకు," అంది.

బూట్లూ, కాఫీ. అంతే. గుడ్డ ముక్క పిన్ను తీసి లోపలి లంగాకి గుచ్చుకున్నాను. దారిలో పోతుందేమోనని కాదు, ఊరికే.

ఏప్రిల్ 21, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టను! అమ్మ చర్చికి వెళ్ళింది, అది వచ్చేలోపల అంతా రాసేయాలి.

నిన్న పొద్దున్నే పోంతె రొస్సో సంతలో దిగామా, దిగీదిగగానే మా బస్సు జనం పంచదార మీద చీమల్లా చెదిరిపోయారు. మా బస్సులోనే వచ్చిన జ్వోంకో మాస్టారైతే కర్టెన్ గుడ్డ దుకాణంలోకి దూకారు. మాస్టారి భార్య లేసు కర్టెన్లు తెమ్మందట. నెవెంకా జీన్ ప్యాంట్ల గుట్టలో నడుము దాకా మునిగింది. నేను ఒక్కొక్క అంగడీ తిరిగాను. ఆ అమ్మేవాళ్ళకి టేపులక్కర్లేదు, కంటితోనే కొలిచేస్తారు. నన్ను చూడగానే ఒక్కొక్కడూ ఆకాశం వైపు చూస్తాడు. ఒకడు మాత్రం చేతులు బార్లా చాపి మన భాషలోనే, "కామ్రేడ్! గుడారాల కొట్టు పక్క సందులో!" అని అరిచాడు. చుట్టూ జనం గొల్లుమన్నారు.

"నీ నోటికి సరిపడే మూత దొరికితే ముందు అది కొంటాలే!" అన్నాను. జనం ఇంకా గట్టిగా నవ్వారు, ఈసారి నావైపు. కానీ వెంటనే ఎవరికీ కనపడకుండా పక్క సందులోకి తిరిగాను. నాన్న చెప్పు తోలు పట్టీ కూడా అప్పుడే తెగాలా! ఒక కాలు ఈడ్చుకుంటూ కనపడ్డ మొదటి బూట్ల కొట్టులోకి దూరాను.

లోపల చూద్దును కదా, వరసగా అయిదుగురు సన్యాసినులు కూర్చుని పాదాలు చాపారు. అది మఠాల వాళ్ళకీ నర్సులకీ బూట్లమ్మే కొట్టట. నేను ఫౌండ్రీ కాంటీన్ మనిషిని, ఎర్ర జెండా యూనియన్ దాన్ని. వెళ్ళిపోదామనుకునేలోపలే చివరి సన్యాసిని జరిగి చోటిచ్చింది. ఆ బెంచీ మీద నాకు సరిపోయే చోటు దొరికింది! మా ఊళ్ళో ఏ బెంచీ మీదా అంత మర్యాదగా ఎవరూ జరగలేదు.

కొట్టాయన ముసలాయన. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పాదం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మన భాషలో మెల్లగా అడిగాడు. "ఈ పాదాల్ని ఎన్నేళ్ళ నుంచి జైల్లో పెట్టావమ్మా?"

నల్ల బూట్లు. మెత్తటి తోలు, వెడల్పు ముక్కు, లోపల దూది మీద నడిచినట్టు. లేచి నాలుగడుగులు వేశాను. ఇంకో నాలుగు వేశాను. తర్వాత, చెప్తే నవ్వుతారు, కొట్టు మధ్యలో నిలబడి ఎగిరాను. గాజు బీరువాలు గలగలమన్నాయి. సన్యాసినులు అయిదుగురూ చప్పట్లు కొట్టారు. నాన్న చెప్పుల్ని ముసలాయన కాగితంలో చుట్టి, పారేసే వస్తువులా కాకుండా, రెండు చేతులతో అందించాడు. చెత్తకుండీలో వెయ్యలేకపోయాను. సంచిలో వేసుకున్నాను.

ఎగిరినప్పుడు లంగా అంచు బయటికొచ్చినట్టుంది. పక్కన కూర్చున్న సన్యాసిని ఆ గుడ్డ ముక్క చూసి, మన భాషలోనే, "ఇదేంటమ్మా, మొక్కుబడా?" అంది. మొక్కు కాదండీ, గౌను అన్నాను. ఎవరికీ చెప్పని సంగతంతా ముక్కూమొహం తెలియని సన్యాసినికి గడగడా చెప్పేశాను. పద్నాలుగేళ్ళూ, తెరా, మెడలూ అన్నీ. ఆవిడ విని, "సంతలో ఎందుకు వెతుకుతున్నావు! ఒపెరాలో పాడేవాళ్ళు నీ అంత ఉంటారు, నీకంటే పెద్దగా ఉంటారు. వాళ్ళేం దుప్పట్లు చుట్టుకుని పాడతారా? మూడో సందులో ఒందీనా దగ్గరికెళ్ళు," అంది.

వెళ్ళాను. తలుపు తీసిన ఒందీనా గుమ్మమంతా నిండి ఉంది. నాకంటే ఒక చేతి వెడల్పు ఎక్కువే ఉంటుంది. నోట్లో గుండుసూదులు, మెడలో టేపు. నన్ను కింద నుంచి పైదాకా చూసింది గానీ ఆకాశం వైపు చూడలేదు. గుడ్డ ముక్క కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి లోపలికెళ్ళి ఒక గౌను తెచ్చింది. పాదాల దాకా. ముదురు ఎరుపు. మా వాళ్ళ రంగు కంటే ఒక్క పిసరు చిక్కన, అంతే. ఎవరో గాయని కుట్టించుకుని, నాటకం ఆగిపోయి, మళ్ళీ రాలేదట.

వేసుకున్నాను. అది మోచేతుల దగ్గర ఆగలేదు. భుజాలు దాటింది, ఛాతీ దాటింది, నడుము దాటింది, పాదాల దాకా జలజలా దిగింది. ఒందీనా చుట్టూ తిరిగి, నడుము దగ్గర గుడ్డ పట్టుకుని లాగి, పెదవి విరిచి, వచ్చీరాని మన భాషలో అంది. "లూజు."

"ఏమన్నారు?"

"లూజుగా ఉంది నీకు. రెండు వేళ్ళు లోపలికి కుట్టాలి."

"ఇంకోసారి చెప్పండి."

"లూజు! చెవుడా?"

నా జన్మలో ఒక గుడ్డ నాకు లూజు కావడం అదే మొదలు. ఒందీనా మిషను మీద కుడుతున్నంతసేపూ లోపలి లంగాతో స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతూ ఏడ్చాను. ఆ గదిలో ఉల్లిపాయలు లేవు. ఏడ్చాను, అంతే, రాసేశాను.

అమ్మ కాఫీ డబ్బులు కూడా గౌనులోకే పోయాయి.

కాంటీన్ గౌను అక్కడే వదిలేసి, ఎర్ర గౌనుతోనే బస్సు దగ్గరికి నడిచాను. దారిలో పార్కులో అందరిలాగే కొత్త బూట్లకి కాస్త మట్టి పూశాను, పాతవిలా కనపడాలని. మట్టి పూస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

ఇక బస్సు! ఒక్కొక్కరూ ఎక్కుతుంటే నవ్వాపుకోలేక సీటు పట్టుకున్నాను. పొద్దున పుల్లల్లా దిగినవాళ్ళు పీపాల్లా ఎక్కుతున్నారు. నెవెంకా అయిదు ప్యాంట్లూ మూడు స్వెట్టర్లూ. జ్వోంకో మాస్టారు రెండు సూట్లు, వాటి కింద పన్నెండు మీటర్ల లేసు కర్టెన్ పొట్టకి చుట్టుకున్నారు. చేతులు దించలేక గద్ద రెక్కల్లా పెట్టుకుని నడుస్తున్నారు. ఇద్దరు కూర్చునే సీట్లో ఒక్కరే పడుతున్నారు. నలభై ఎనిమిది మందీ చెమటలు కక్కుతూ, "అమ్మో ఊపిరాడట్లేదే, ఎలా బతుకుతావే నువ్వు!" అని నన్నడుగుతున్నారు. ఆ కాసేపు బస్సంతా నా సైజే. అందరిలోకీ హాయిగా కూర్చున్నది నేనొక్కదాన్నే, ఒక్క గౌనులో.

సరిహద్దు వచ్చింది. మన కస్టమ్స్ కుర్రాడు ఎక్కాడు, కొత్తగా చేరినట్టున్నాడు, టోపీ ఇంకా గట్టిగానే ఉంది. బస్సంతా కుక్కిన పేనుల్లా అయిపోయింది. వాడు అటూ ఇటూ చూశాడు. చూసి, నా ముందాగి, దొంగ దొరికాడన్నట్టు నవ్వాడు.

"కామ్రేడ్, ఎన్ని తొడిగారు?"

"ఒక్కటే."

"అందరూ అదే అంటారు. పై నుంచి ఒక్కొక్కటీ విప్పండి. అయిదా, ఆరా?"

"ఒక్కటే నాయనా. లోపలున్నదంతా నేనే."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే వాళ్ళ గుండీలు తెగుతాయి. పక్క సీట్లోంచి నెవెంకా, "చచ్చామే, నిన్ను దింపితే అందర్నీ దింపుతారే," అని గొణిగింది. కుర్రాడు మాత్రం పట్టు వదల్లేదు. సాయంత్రం వేళ పాదాల దాకా ఎర్ర గౌను వేసుకుని బస్సెక్కే మనిషెవరు, ఇది కింద దాచినవాటి మీద కప్పిన గౌను, దీన్ని జప్తు చేస్తానన్నాడు. నా గౌనుని! నాకు లూజైన గౌనుని!

కిందికి దింపాడు. సోదా చెయ్యాల్సిన ఆడమనిషి భోజనానికెళ్ళిందట. రోడ్డు మీద నిలబెట్టి, "ఇంతకీ ఈ గౌను దేనికి?" అన్నాడు.

"కచేరీకి. పాడతాను."

"ఏదీ, పాడండి చూద్దాం."

వెటకారంగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త బూట్లలో పాదాలు వెడల్పుగా పెట్టి, ఊపిరి నాభి దాకా లాగాను. గౌను ఎక్కడా పట్టలేదు. పాడాను. మా పాటలో ఒక చోట గొంతు పైకెళ్ళి అక్కడే చాలాసేపు నిలబడాలి. ఇంకెవరైనా అయితే మూడు ఊపిర్లు మార్చుకుని గట్టెక్కుతారు. నేను ఒక్క ఊపిరితో నిలబడ్డాను. నా ముందు ఎవరి మెడా లేదు. గేటు, కొండ, రోడ్డు. వెనక లారీలవాళ్ళు ఇంజన్లు ఆపేశారు.

పాటయ్యేసరికి కస్టమ్స్ గదిలోంచి పెద్దాఫీసరొకాయన చేతిలో సగం తిన్న రొట్టెతో బయటికొచ్చాడు. "ఏంట్రా, ఈవిడనెందుకు దింపావు?"

"అయిదారు తొడిగింది సార్."

"నీకు బుర్రుందా? అయిదు గౌన్ల కింద అంత ఊపిరి ఎలా పడుతుందిరా! నా పెళ్ళికి కోటు బిగుతైతే నేను ప్రమాణమే పూర్తి చెయ్యలేకపోయాను." నాకేసి తిరిగి, "మీరు ముందు వరసలో పాడతారా అమ్మా?" అన్నాడు.

నేను నోరు తెరిచే లోపల, "టీవీలో కూడా వస్తుంది సార్, మా మాస్టారు ఇక్కడే ఉన్నారు!" అని బస్సులోంచి నెవెంకా అరిచింది, ఆయన కిటికీలోకి చూశాడు. అక్కడ జ్వోంకో మాస్టారు, చేతులు గద్ద రెక్కల్లా పెట్టుకుని, మొహం బీట్రూటులా. "మీరేనా వీళ్ళ మాస్టారు? ఈవిడది ముందు వరసేనా?"

మాస్టారి పరిస్థితి తేలు కుట్టిన దొంగలా ఉంది. కాదంటే ఇంకో ప్రశ్న వస్తుంది, ఇంకో ప్రశ్నొస్తే కిందికి దిగాలి, దిగితే కర్టెన్లు.

"ముందు... ముందు వరసే సార్," అన్నారు. "సరిగ్గా మధ్యలో."

"నేను టీవీలో చూస్తాను," అని పెద్దాఫీసర్ గేటెత్తించాడు.

గేటు దాటిన నిమిషానికి బస్సులో కేకలు, ఈలలు, గుండీలు తెగిన చప్పుళ్ళు. నెవెంకా నన్ను కౌగిలించుకోబోయింది కానీ ప్యాంట్ల వల్ల వంగలేక కట్టెలా నా మీద పడింది. ఇంటిదాకా పాడుతూనే వచ్చాం.

అమ్మ తలుపు తీసి గౌను చూసింది. బూట్లు చూసింది. సంచిలో చూసింది, నాన్న చెప్పులున్నాయి. "కాఫీ ఏదే?" అంది చివరికి.

ఏప్రిల్ 22

పొద్దున ఏడుకల్లా ఫౌండ్రీ అంతా తెలుసు. ఎనిమిదికి పక్క ఊరి ఫ్యాక్టరీకి తెలుసు. నెవెంకాకి భగవంతుడు అందుకే టెలిఫోనిచ్చాడు.

ఏప్రిల్ 25

మాస్టారు మాట మారుస్తున్నారు. రిహార్సల్ అయ్యాక నన్ను పక్కకి పిలిచి, "బారిత్సా, ఆ మాట సరిహద్దు దగ్గర అనాల్సి వచ్చింది కాబట్టి అన్నాను. కెమెరాకి ఒక తూకం ఉంటుంది. ముందు వరసలో అందరూ ఒకేలా ఉండాలి. నువ్వు అర్థం చేసుకుంటావు," అన్నారు.

అర్థం చేసుకున్నాను. పద్నాలుగేళ్ళుగా చేస్తున్నది అదే కదా. ఇంటికొచ్చి గౌను బీరువాలో పెట్టాను. బూట్లయితే దక్కాయి. నేను వెళ్ళింది బూట్ల కోసమేగా.

ఏప్రిల్ 26

రాత్రంతా బూట్లు మంచం పక్కనే పెట్టుకున్నాను.

కాదు. బూట్ల కోసం వెళ్ళలేదు. ముందు వరస కోసం వెళ్ళాను. నాకు ముందు వరస కావాలి. ఇదిగో, సిరాతో రాశాను, ఇక చెరపలేను.

ఏప్రిల్ 27

కావాలనే మాస్టారి వీధిలోంచి వెళ్ళాను. ఇంటికి నాలుగు కిటికీలు, నాలుగింటికీ కొత్త లేసు కర్టెన్లు, పన్నెండు మీటర్లూ గాలికి ఊగుతున్నాయి. మాస్టారు గుమ్మంలో కూర్చుని పేపరు చదువుతున్నారు.

తలొంచుకుని దాటిపోదామనుకున్నాను. అయినా ఆగాను. "మాస్టారూ, మధ్యలో నిలబడతానని మీరే అన్నారు. నలభై ఎనిమిది మంది విన్నారు. పద్నాలుగేళ్ళు మీరు చెప్పిన చోటల్లా నిలబడ్డాను. ఈ ఒక్కసారి నేను చెప్పిన చోట నిలబడతాను. లేకపోతే నా పాట మీరే పాడుకోండి."

ఇంత మాట నా నోట్లోంచే వచ్చిందా! మాస్టారు పేపరు దించారు.

"కర్టెన్లు బాగున్నాయి," అన్నాను వస్తూ వస్తూ. "టెలిఫోన్ ఎక్స్చేంజీ దాకా కనపడుతున్నాయి."

ఏప్రిల్ 29

గచ్చు మీద సుద్దతో గుర్తులు గీశారు. నాది ముందు వరస, మధ్యలో. మాస్టారు గీశారు, తలెత్తకుండా. కాస్త వెడల్పుగానే గీశారు, అది మర్యాదో ఎత్తిపొడుపో తెలియలేదు. ఏదైనా నాకు సరిపోయింది. నెవెంకాని సరిగ్గా నా వెనక వరసలోకి మార్చారు.

మే 1

కాంటీన్‌కి సెలవు. పాదాలు వేడినీళ్ళ బకెట్‌లో పెట్టాల్సిన పనే లేకపోయింది, నిన్న రెండు గంటలు నిలబడ్డా నొప్పి లేదు! బూట్లకి త్రియెస్తే మట్టి ఇంకా కొంచెం అంచున ఉంది, తుడవలేదు.

నిన్న తెర లేవగానే ఎదురుగా జనం. ఎన్ని మొహాలు! మెడలు కాదు, మొహాలు! మూడో వరసలో అమ్మ, కొత్త రుమాలు కట్టుకుని, పక్కావిడ చెయ్యి పట్టి లాగుతూ, "నా కూతురు, మధ్యలో ఉన్నది, ఎర్ర గౌను," అంటోంది. అందరివీ ఎర్ర గౌన్లేనని దానికి తోచలేదు. దీపాల వేడి, కెమెరా నల్లటి కన్ను, మాస్టారి చేతిలో తాళం వేసే కర్ర. ఆ కర్ర నావైపే తిరిగి ఆగింది. మాస్టారి మొహం మొదటిసారి పూర్తిగా చూశాను, నా పాట రాబోతుంటే ఆయన పెదవులు కొరుక్కుంటారని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఊపిరి తీసుకోబోతుంటే వెనక నుంచి నెవెంకా గొణిగింది. "ఒసేయ్ బారిత్సా, నీ వీపు తప్ప నాకేం కనపడట్లేదే!"

తల తిప్పకుండానే చెప్పాను.

"కనపడకపోతేనేం. వినపడుతున్నానుగా."